నా కుడిచేయి

నా 13వ యేట చింతచెట్టు మీదినుండి పడి, కుడి ముంజేతి ఎముక విరుగగొట్టుకొంటిని. వైద్యుడు ఎముకను సరిచేసి పిండికట్టు కట్టెను. 6 వారములు గడచినవి. కట్టు విప్పిననాడు నా చేతిని నేనే గుర్తింపలేకపోతిని. అది పుల్లవలె చిక్కిపోయియుండెను. విరిగినచోట రేగుపండంత బుడిపె కనబడెను. మా నాయన చేనేతపనివాడు. ఆయన నా చేతివంక చూచి ఏమియు అనలేదు. కాని, 'ఈ చేయి ఇక మగ్గమునకు పనికిరాదేమో' యను దిగులు ఆయన ముఖమున కనబడెను. నాకు కన్నీరాగలేదు.

వైద్యుడు నన్ను చెంత కూర్చుండబెట్టుకొని ఇట్లు చెప్పెను: "అబ్బాయీ! ఎముక రాయి కాదు, ప్రాణమున్న వస్తువు. అందు రెండు తెగల పనివాండ్రు కలరు. ఒక తెగవారు పాత ఎముకను ఆమ్లముతో కరగించి, అందలి కాల్షియమును రక్తములో కలుపుదురు. రెండవ తెగవారు ఆ గుంటలలో క్రొత్త ఎముకను నింపుదురు. మొదటి కణములను ఆస్టియోక్లాస్టులనియు, రెండవవానిని ఆస్టియోబ్లాస్టులనియు అందురు. పెద్దవారి ఎముకలలో ఏటేట ఇంచుమించు నూటికి 10 వంతులు ఇట్లు మారుచుండును. నీ బుడిపె తొందరలో వేసిన మట్టిముద్ద వంటిది. కూల్చువారు దానిని నెలల తరబడి చెక్కి నునుపు చేయుదురు."

"మరి నా కండ ఏమైనదండీ?" అని అడిగితిని.

"పనిలేని కండను శరీరము ఊరక పోషింపదు. దానిని విడగొట్టి, ఆ సరకును వేరొకచోట వాడుకొనును. నీవు పని చెప్పినచో మరల ఇచ్చును" అనెను.

ఆ వారముననే మా చెల్లెలి పాలపన్ను ఊడెను. చూడగా దానికి వేరు లేదు! వైద్యుని అడిగితిని. క్రిందినుండి వచ్చు పంటికి దారి యిచ్చుటకై శరీరమే ఆ వేరును కరగించివేసినదని ఆయన తెలిపెను. అప్పుడు నాకు ఆయన మాటపై నమ్మకము కుదిరెను.

నాటినుండి భయము విడిచి చేతికి పని చెప్పితిని. మొదట చెంబు ఎత్తితిని. తరువాత బిందె ఎత్తితిని. సంక్రాంతినాటికి రాట్నము త్రిప్పి కండెలు చుట్టితిని. ఏడాది తిరుగునప్పటికి బుడిపె తడిమినగాని తెలియకుండెను. ఒకనాడు మా నాయన నా ముంజేతిని మెల్లగా తడిమి చూచి, ఒక్క మాటయు పలుకక, నన్ను మగ్గముపై కూర్చుండబెట్టెను.

ఇప్పుడు నాకు 60 ఏండ్లు దాటినవి. ఈ వయస్సున కట్టువారికంటె కూల్చువారిదే పైచేయి. అంతరిక్షములో ఎముకలపై శరీరభారము పడదు. అందుచే, తగిన వ్యాయామము లేనిచో, వ్యోమగాముల తుంటి ఎముకలు నెలకు నూటికి 1 వంతు చొప్పున, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు తరిగిపోవునట. ఈ సంగతి చదివినప్పుడు పిండికట్టులోని నా చేయి జ్ఞప్తికి వచ్చెను. అందువలననే నేడును ప్రతి ఉదయమున నడచుచున్నాను.

కూల్చువారిపై నాకు కోపము లేదు. వారు లేనిచో నా బుడిపె కరగకుండెడిది. మా చెల్లెలి క్రొత్త పంటికి దారి దొరకకుండెడిది. కట్టువారికి పని చెప్పుట మాత్రము నా వంతు.