రెండు వేలు తక్కువట!

వదినగారూ, ఆ వడియాల గుడ్డ కాస్త అటు లాగండి, గోడ మీద చెయ్యి ఆనించుకుంటాను. రాత్రంతా చదివానేమో, ఈ సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేట్టుంది. మన వీధి సంగతి కాదులెండి, అంత మెల్లగా మాట్లాడక్కర్లేదు. రోము సంగతి.

సిసిరో పేరు విన్నారుగా? మహా వక్త. అలాంటాయన పెళ్ళాంతో మాత్రం రెండు వేల దగ్గర తగువు పెట్టుకున్నాడు. ఉండండి, మొదట్నుంచీ చెబుతాను.

ఆవిడ పేరు టెరెన్షియా. అది ఆవిడకంటూ పెట్టిన పేరు కూడా కాదు, పుట్టింటి వంశం పేరే. అక్కడ ఆడపిల్లల పేర్లు అంతే. కట్నం నాలుగు లక్షల సెస్టర్సులు తెచ్చుకుంది. అశ్వికులని ఒక కలిగినవాళ్ళ వర్గం ఉండేదిలెండి, అందులో చేరడానికి మగాడికి ఉండాల్సిన ఆస్తే అంత! అది కాక రోములో అద్దె మేడలు, టస్కులం దగ్గర అడవి. పెళ్ళయినా ఆవిడ ఆస్తి ఆవిడదే, మనం స్త్రీధనం అంటామే, అలాగన్నమాట. లెక్కలు చూడ్డానికి ఫిలోటిమస్ అని సొంత గుమస్తా. సిసిరోది ఊరు కాని ఊరు, అర్పీనం నుంచి తెలివిని నమ్ముకుని వచ్చినవాడు. వెనక డబ్బు ఎవరిదో మీరే ఊహించుకోండి.

ఆవిడ ఇంట్లో కూర్చునే రకం కూడా కాదు. క్రీ.పూ. 63లో మొగుడు కాన్సుల్, అక్కడ పెద్ద పదవిలెండి. కాటిలైన్ అనేవాడి కుట్ర బయటపడి, వాడి మనుషులు కొందరు దొరికారు. చంపించాలా వద్దా అని ఈయన తేల్చుకోలేకపోతున్నాడు. ఆ రాత్రే వాళ్ళింట్లో బోనా దేయా అనే దేవత నోము. మగపురుగు గడప లోపల ఉండకూడదు, కనక ఈయన పక్కింట్లో తలదాచుకున్నాడు. నోము జరుగుతుంటే ఆరిపోయిందనుకున్న బలిపీఠం నిప్పు భగ్గున లేచిందట. వెస్టా దేవత పూజారిణులు ఆవిడతో, శుభశకునం, వెళ్ళి మీ ఆయనకు చెప్పు, అనుకున్నది చేసెయ్యమను అన్నారట. ఆవిడ వెళ్ళి చెప్పింది. ఆ తర్వాత అయిదుగురికి మరణశిక్ష.

ఇంకో ముచ్చట కూడా ఉంది. ఆ పూజారిణుల్లో ఈవిడ చెల్లెలో అక్కో, తల్లి ఒక్కతే తండ్రులు వేరు, ఫాబియా అని ఉంది. ఆ ఫాబియాకీ ఇదే కాటిలైన్‌కీ అంటగట్టి పదేళ్ళ కిందట కేసు వేశారు. కొట్టేశారనుకోండి. అయినా ఇంటిల్లిపాదికీ ఆ కాటిలైన్ అంటే ఎలా ఉంటుంది చెప్పండి?

ఇంటి విషయాలు తనతో పంచుకున్న దానికంటే, తన రాజకీయాల్లో ఆవిడ పుచ్చుకున్న వాటాయే ఎక్కువని సిసిరోయే అన్నాడని ప్లుటార్క్ రాశాడు. వెటకారమో, మెచ్చుకోలో!

ఆ అయిదుగుర్నీ విచారణ లేకుండా చంపించాడన్న నేరం మీద 58లో సిసిరో దేశం వదిలి పోవాల్సొచ్చింది. ఆయన శత్రువు క్లోడియస్ మనుషులు పాలటైన్ కొండ మీది ఇల్లు నేలమట్టం చేశారు. ఈయన థెస్సలోనికాలో కూర్చుని, నా వెలుగువి, నా ప్రాణానివి అని ఏడుస్తూ ఉత్తరాలు. ఆవిడ మాత్రం వెస్టా గుడిలో తలదాచుకుంది. అక్కణ్ణించి కూడా జనం మధ్యలోంచి లాక్కుపోయారు. అయినా ఈయన్ని వెనక్కి రప్పించడానికి కాళ్ళరిగేలా తిరిగింది. తన పేర ఉన్న భూమి అమ్మేస్తానంది. వద్దు, అది కూడా పోతే మన పిల్లాడి గతేమిటి అని ఈయన బతిమాలాడు. మరుసటేడు తిరిగొచ్చాడు.

కూతురి పెళ్ళి కథ వినండి. టుల్లియాకి మూడో సంబంధం చూడాలి. తండ్రి సిలీషియాలో గవర్నరు. అక్కడికి టైబీరియస్ నీరో అనే కుర్రాడు వచ్చి పిల్లనడిగితే ఈయనకు నచ్చి, ఇంటికి మనుషుల్ని పంపాడు. వాళ్ళు రోము చేరేసరికి తల్లీ కూతుళ్ళు కలిసి డొలబెల్లా అనేవాడితో నిశ్చితార్థం కానిచ్చేశారు! ఆ డొలబెల్లా కాస్తా చవట తేలాడు. ఈ విషయంలో ఆవిణ్ణి నేనూ వెనకేసుకురాను. వద్దనుకున్న ఆ నీరో మాత్రం తర్వాత లివియాని చేసుకున్నాడు, వాళ్ళ కొడుకే చక్రవర్తి టైబీరియస్.

ఇప్పుడు ఆ రెండు వేలు. రోములో వచ్చిన అంతర్యుద్ధంలో ఓడినవాళ్ళ పక్షాన నిలబడి, సిసిరో 47లో బ్రుండీసియంలో ఇరుక్కుపోయాడు. చేతిలో కాసుల్లేవు. ఆవిడ దగ్గర మిగిలిన పన్నెండు వేలు రావాలని లెక్క. ఆవిడ పది పంపి, ఇంతే మిగిలిందంది. ఇంత చిన్న మొత్తంలోనే ఇంత కొట్టేస్తే పెద్ద మొత్తాల్లో ఏం చేసిందో అని స్నేహితుడు అట్టికస్‌కి రాసుకున్నాడు.

నిజంగానే తీసిందా అంటారా? ఆవిడకి ఆయన రాసినవి ఇరవై నాలుగు ఉత్తరాలు ఒక సంపుటంగా మిగిలాయి. ఆవిడ రాసిన ఒక్క ముక్కా మిగల్లేదు. ఒక చెవిన విన్న తగువుకి తీర్పు ఎలా చెబుతాం వదినగారూ? మొదట్లో వెలుగు, ప్రాణం అన్న మనిషి ఆఖరి ఉత్తరం ఎలా రాశాడో తెలుసా? ఫలానా రోజు టస్కులం వస్తున్నాం, జనం ఉంటారు, స్నానాల గదిలో తొట్టి లేకపోతే పెట్టించు. అంతే. ప్రయాణం ఎలా ఉందో కూడా లేదు.

46లో విడాకులు. ఆ వెంటనే అరవయ్యో పడిలో, తన సంరక్షణలో ఉన్న చిన్నపిల్ల పబ్లీలియాని కట్టుకున్నాడు. అందానికి పడిపోయాడని టెరెన్షియా అంది. అప్పులు తీర్చడానికని ఆయన దగ్గరి కార్యదర్శి టైరో అన్నాడు. నన్నడిగితే టైరో సమర్థింపే ఎక్కువ సిగ్గుచేటు. ఏడాది తిరక్కుండానే అదీ తెగిపోయింది.

43లో ఆయన శత్రువు ఆంటొనీ మనుషులు ఆయన తల నరికి ఫోరంలో ఉపన్యాస వేదిక మీద పెట్టారు. టెరెన్షియా మాత్రం నూటమూడేళ్ళు బతికిందని ప్లినీ రాశాడు. 30లో కొడుకు మార్కస్ కాన్సుల్ అయ్యాడు. భూమి అమ్మితే గతేమిటని తండ్రి బెంగపడిన ఆ పిల్లాడే. ఆంటొనీ ఓడిపోయాడన్న కబురు చదివి, తండ్రి తల పెట్టిన వేదిక మీదే దాన్ని అందరికీ కనపడేలా పెట్టించాడట. వాళ్ళమ్మకప్పటికి డెబ్బై దగ్గరపడుతున్నాయి. ఇంకా ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఆయుష్షుంది.