గేట్‌వుడ్ అవ్వకి గుర్రం వద్దు

మన కూడళ్ళలో విగ్రహాలు రెండు రకాలు. గుర్రమ్మీద కత్తి దూసినవి, వేలెత్తి ఎటో దారి చూపించేవి. ఆడదానికి విగ్రహం కావాలంటే రాణి అయినా కావాలి, దేవత అయినా కావాలి. మరి ఊరికే నడిచిన ఒక ముసలమ్మకి విగ్రహం పెట్టాలంటే శిల్పి ఏం చెయ్యాలి? నా మనసులో ఉన్న మనిషి ఎమ్మా గేట్‌వుడ్.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో 1887లో పుట్టింది. పదకొండుమంది బిడ్డల తల్లి. 1954లో ఒకసారి బయలుదేరి, మేయిన్ అడవుల్లో దారి తప్పి, కళ్ళజోడు పగిలి ఇంటికొచ్చింది. మరుసటేడు మే 3న, 67 ఏళ్ళ వయసులో, జార్జియా నుంచి అపలాచియన్ కాలిబాట పట్టింది. పిల్లలతో అన్నది ఒక్కటే, అలా నడిచొస్తానని! పద్నాలుగు రాష్ట్రాలు, 2,000 మైళ్ళ పైచిలుకు. సెప్టెంబరు 25న కటాడిన్ శిఖరం ఎక్కింది. ఒక్కతే, ఒకే విడతలో ఆ బాటంతా నడిచిన మొదటి స్త్రీ ఆవిడే. డేరా లేదు. సొంతంగా కుట్టుకున్న గుడ్డసంచీ, దుప్పటి, వానకోటు, స్నానాలగదికి కట్టే ప్లాస్టిక్ తెర, కాళ్ళకి కాన్వాసు బూట్లు. అంతే!

"మా ఊళ్ళో ముసలమ్మలు కట్టెలమోపుతో రోజూ నడుస్తారు, వాళ్ళకేదే విగ్రహం?" అని నా రూమ్మేటు నిలదీసింది. న్యాయమైన ప్రశ్నే. కానీ వాళ్ళు నడిచేది పొయ్యి కోసం. ఈవిడ నడిచింది తన కోసం. ఆడదానికి ఆ రెండోది ఎంత కష్టమో మన హాస్టలు గేటు దగ్గర నిలబడ్డ ప్రతి అమ్మాయికీ తెలుసు.

ఆవిడ భర్త పళ్ళు ఊడేలా కొట్టేవాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా భరించి విడాకులు తీసుకుంది. దెబ్బలకు తాళలేక అడవిలోకి పారిపోయిన రోజులున్నాయి. అడవి ఆవిడకి అప్పటి చుట్టమే. పత్రికలవాళ్ళు అడిగితే, అతను బతికుండగానే, తాను విధవరాలినని చెప్పింది! ఆ మాటలో ఎంత కసి ఉందో, ఎంత హాయి ఉందో! అందుకే బోసినవ్వుల బామ్మ బొమ్మ చేస్తే నేనొప్పుకోను. గాయాలూ చెక్కక్కర్లేదు. దవడ బిగువు చాలు.

ఒహాయోలోని హాకింగ్ హిల్స్‌లో ఆవిడ పేరిట ఆరు మైళ్ళ బాట ఉంది. విగ్రహం అలాంటి చోటే ఉండాలి, పీఠం లేకుండా, నేలమీదే. ఆవిడ అపలాచియన్ బాటని 1957లో రెండోసారీ, 1964 నాటికి విడతలవారీగా మూడోసారీ పూర్తిచేసింది. కాబట్టి ముఖం చూడవచ్చేవాళ్ళ వైపు తిప్పొద్దు. బాటవైపే ఉండాలి. మనకి ముందు ఆ సంచీ కనబడాలి.