గద్వాలనుండి నాగర్‌కర్నూలునకు చలికాలపు ప్రయాణము

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల సీమను అచ్చటివారు నడిగడ్డ యందురు. పుష్యమాసమున అచ్చట పగటి యెండ హాయిగానే యుండును గాని, ప్రొద్దు క్రుంకినది మొదలు శాలువ లేనిదే వాకిట నిలువలేము. గడచిన జనవరిలో గద్వాలనుండి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూలు వఱకు మేము కారులో ప్రయాణము చేసితిమి. కోటలను, గుడులను వర్ణించి వ్రాయువారు పెక్కండ్రు కలరు. తెల్లవాఱుజామున చలిలో కదలక మొండికెత్తిన బండిని గూర్చి స్త్రీలకు చెప్పువారు అరుదు. కనుక సోదరీమణులు మన్నింతురు గాక, ఆ ముచ్చటకే యెక్కువ చోటిచ్చుచున్నాము.

గద్వాల కోటను సోమనాద్రియని ప్రజలు పిలుచుకొను సోమభూపాలుడు కట్టించెను. లోపల చెన్నకేశవస్వామి యాలయము కలదు. సంస్థానమును కడపట పాలించినది మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మగారు. ఆమె పేరిటి కళాశాల కోటలోనే నడచుచున్నది. ఊరిలో నేతగాండ్ర యింటికి పోయి మగ్గము చూచితిమి. చీర నడుము నూలు, అంచును కొంగును పట్టు. ఈ రెంటిని నేతలోనే పోగునకు పోగు పెనవేసి కలుపుదురు. ఆ కలయిక వదులైనచో చీర యెంత మంచిదైనను నిలువదని యింటి యిల్లాలు చెప్పినది. మా మేనకోడలికి ఒక చీర కొంటిమి. మఱునాటి యుదయమున ఆమె నాగర్‌కర్నూలులో ఉద్యోగపు పరీక్ష వ్రాయవలసియుండెను. ప్రయాణమునకు కారణము అదియే.

ఎఱ్ఱవల్లి కూడలి దాటి బీచుపల్లి వంతెనమీద కృష్ణను దాటితిమి. ఆంజనేయస్వామికి మ్రొక్కి, పెబ్బేరు దాటి, కొత్తకోట ప్రక్కనున్న సరళాసాగరమును చూడబోయితిమి. 1959లో పూర్తియైన ఈ జలాశయమునకు విశేషమేమనగా, నీరు నిండు మట్టమునకు వచ్చినంతనే సైఫనులు తమంతట తామే పనిచేయ నారంభించి నీటిని వెడలగ్రక్కును. తలుపులెత్తు మనిషి అక్కఱలేదు, విద్యుత్తు అక్కఱలేదు. 2019 డిసెంబరు కడపటి దినమున దీని కట్ట తెగినది; పిమ్మట మరల కట్టిరి. దానంతట అది కదలు యంత్రమును చూచి సంతసించి, చీకటి పడువేళకు వనపర్తి చేరితిమి. అచ్చటి రాజభవనములో పాలిటెక్నిక్ కళాశాల యున్నది. దానిని వెలుపలినుండియే చూచి మేనత్తగారి యింట బస చేసితిమి.

వనపర్తినుండి నాగర్‌కర్నూలునకు బిజినేపల్లి మీదుగా సుమారు గంట ప్రయాణము. పరీక్షాశాల తలుపులు 8.45కు మూయుదురు, ఒక్క నిమిషము మించినను లోనికి రానీయరు. ఆఱు గంటలకే బయలుదేరుదమని కారెక్కితిమి. డ్రైవరు తాళము త్రిప్పగా టకటకమను చప్పుడు తప్ప మఱేమియు లేదు. మరల త్రిప్పెను, మరల నదే. మేనకోడలి ముఖము పాలిపోయినది. రెండేండ్లు చదివిన చదువు ఆ తాళముచెవి కొనను వ్రేలాడుచున్నట్లు తోచినది.

మేనత్తగారు భర్త పోయిన పిదప పొలమును, బోరు మోటారును, ట్రాక్టరును తామే చూచుకొనుచున్నారు. ఆమె కొంగు బిగించి వచ్చి, "ఆగు బిడ్డా, ఊకె తిప్పకు. ఉన్న జరంత కరెంటు గూడ పోతది. లైట్లు ఎయ్యి, జూద్దం" అనిరి. దీపములు వెలిగినవి గాని, తాళము త్రిప్పగానే మినుగురు పురుగులవలె సన్నగిలినవి. "బ్యాటరీదే" అని ఆమె తేల్చిరి.

పాఠికలు ఈ పరీక్షను గుర్తుంచుకొనవలెను. తాళము త్రిప్పినపుడు దీపములు మసకబారి టకటకమన్నచో బ్యాటరీ నీరసించినది, లేదా దాని తీగల కలయిక చెడినది. దీపములు మసకబాఱక, ఒకే దెబ్బ చప్పుడై ఊరకున్నచో దోషము చాలవఱకు స్టార్టరులో నుండును. స్టార్టరు చక్కగా తిరుగుచు ఇంజను మాత్రము అందుకొననిచో బ్యాటరీని నిందింప పనిలేదు. ఇంధనము మొదలైనవి చూడవలెను. ఒక్కొక్క సారి ఐదారు క్షణములకు మించి త్రిప్పరాదు. నడుమ విరామమీయవలెను, లేనిచో స్టార్టరు కాలిపోవును.

"చలికి పాడయ్యిందా అత్తమ్మా?" అని మేనకోడలు అడుగగా, "చలి మీద ఎయ్యొద్దు తప్పు. ఎండకాలంల సచ్చిన బ్యాటరీ చలికాలంల దొరికిపోతది" అనిరి. ఇది అక్షరాల నిజము. చలికి బ్యాటరీలోని రసాయనిక క్రియ మందగించును, ఇంజను నూనె చిక్కబడును; బలము తగ్గినవేళనే బరువు హెచ్చును. అయినను మన పాలమూరు చలి పది పన్నెండు డిగ్రీలు. ఆరోగ్యముగల బ్యాటరీకి అది లెక్కలోనిది కాదు. లోపలి పలకలను తినివేయునది వేసవి వేడిమియే.

అసలైన చలి మా చెల్లెలు కాపురమున్న మిన్నెసోటాలో కలదు. అచ్చట సున్నకు ఇరువది డిగ్రీలు దిగువకు పోవుటయు కలదు. వాకిటి మంచును ఎగజిమ్ము యంత్రము ఆమె యింట నున్నది. దాని స్టార్టరుకు బ్యాటరీ లేదు, ఇంటి గోడనుండి 120 వోల్టుల కరెంటు తీగ తగిలింపవలెను. తీగ సన్ననిదై పొడవైనదైనచో దారిలోనే బలము తఱిగి స్టార్టరు మూలుగునట. ఒక్కొక్కప్పుడు తేమ గడ్డకట్టి లోని చిన్న పండ్లచక్రము ముందుకు జరుగదు. మోటారు ఊరక గిఱ్ఱున తిరుగును. అట్టివేళ యంత్రమును వెచ్చని కొట్టములోనికి తెచ్చి కొంతసేపుంచవలెను. చలికి చిక్కబడని పలుచని నూనె పోయుటయు ముఖ్యమని ఆమె వ్రాసినది. అన్నియు విఫలమైనచో చేతితో లాగు త్రాడు ఉండనే యున్నది. మన కారునకు ఆ భాగ్యము లేదు.

మేనత్తగారు మూత తీసి చూడగా బ్యాటరీ కొనలమీద తెల్లని, పచ్చని పొడి పేరుకొనియుండెను. డ్రైవరు మొదట నల్లతీగను, పిమ్మట ఎఱ్ఱతీగను విప్పెను. వంటింటినుండి వంటసోడా తెచ్చి, వేడినీటిలో కలిపి, పాత బ్రష్షుతో కొనలను కడిగిరి. ఆ నీరు బ్యాటరీ లోనికి పోకుండ మూతలు బిగించియుంచవలెను. తుడిచి, తీగలు గట్టిగా బిగించి త్రిప్పగా ఇంజను ఒక చుట్టు తిరిగి నిలిచినది. గద్వాల యిల్లాలి మాట నాకేల జ్ఞప్తికి వచ్చెనో గాని, కలయిక కుదిరినను బలము చాలలేదు.

అప్పటికి ఏడు కావచ్చినది. మేనత్తగారు తమ ట్రాక్టరును ప్రక్కకు తెప్పించిరి. దాని బ్యాటరీయు పండ్రెండు వోల్టులదే. ఎఱ్ఱతీగ మన బ్యాటరీ ధనపు కొనకు, రెండవ చివర ట్రాక్టరు ధనపు కొనకు. నల్లతీగ ట్రాక్టరు ఋణపు కొనకు, దాని చివర మన బ్యాటరీకి గాక దూరముగా ఇంజనులోని రంగులేని ఇనుమునకు తగిలించిరి. బ్యాటరీనుండి మండు వాయువు వెలువడును గనుక నిప్పురవ్వ దాని దాపున రేగరాదు. ఐదు నిమిషములు ట్రాక్టరును నడుపనిచ్చి తాళము త్రిప్పగా కారు గర్జించినది. తీగలను వచ్చిన క్రమమునకు తలక్రిందుగా విప్పిరి.

ఏడుంబావుకు బయలుదేరి, దారిలో ఎచ్చటను ఇంజను ఆపక, నంది వడ్డెమాను చూడవలెనను కోరికను చంపుకొని, 8.25కు పరీక్షాశాల చేరితిమి. మేనకోడలు చెప్పులు చేతబట్టుకొని లోనికి పరుగెత్తినది.

ఆమె వ్రాయుచుండగా మేము బ్యాటరీల దుకాణమునకు పోయితిమి. దుకాణదారుడు బ్యాటరీమీద బరువు మోపి కొలువగా ముల్లు తొమ్మిదికి దిగువకు పడినది. దానిమీది తేదీ చూడగా ఐదు వేసవులు గడచినవి. క్రొత్తది వేయించి, కేసరిసముద్రపు కట్టమీద కొంతసేపు కూర్చుంటిమి. చెఱువు నిండుగా నుండెను, ఎండ వెచ్చగా నుండెను. మధ్యాహ్నము వెలుపలికి వచ్చిన మేనకోడలు పరీక్ష మాట యెత్తక ముందే, "అత్తా, బండి మళ్ళ స్టార్టయ్యిందా?" అని యడిగినది.