మా బుల్లెట్టు – డీజిలింజను

సావనీరుకి ఏదైనా రాసి ఇమ్మని మా విద్యార్థి సంఘం కార్యదర్శి నెలరోజులుగా నా వెంట పడుతున్నాడు. కవిత్వం నా వల్ల కాదు. కథ రాద్దామంటే నాకు బాగా తెలిసిన కథ ఒక్కటే, మా నాన్న మోటారు సైకిలు కథ. అదే రాస్తున్నాను. తప్పులుంటే మెకానికల్ మిత్రులు క్షమించాలి. మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

మాది అడ్డతీగల. నాన్న సంతల్లో ఎండుచేపలు, ఉప్పు, ఉల్లిపాయలు అమ్ముతాడు. ఒకరోజు మా ఊరి సంత, ఒకరోజు రాజవొమ్మంగి, ఇంకోరోజు వై. రామవరం. సరుకంతా మోసేది బుల్లెట్టే. ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. వయసులో నాకంటే పెద్దది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు కంపెనీ మొదలైననాటి పోలికలు దాంట్లో ఇంకా ఉన్నాయి. గుండ్రటి దీపం, బొద్దు ట్యాంకు, దుక్కలాంటి ఒళ్ళు. ఇప్పుడు మా హాస్టల్లో కొందరు ఆ పాతకాలపు అందం కోసమే లక్షలు పోసి కొత్తబళ్ళు కొంటున్నారు. మా ఇంట్లో ఆ అందమే మాకు అన్నం పెట్టింది.

2012లో, నేను నాలుగో తరగతిలో ఉండగా, ఆ బండి నిండు బరువుతో కొండెక్కుతూ పట్టేసింది. పిస్టను సిలిండరుకి అతుక్కుపోయింది. రీబోరు చేయించాలన్నారు. చేతిలో డబ్బు లేదు. పైగా 2010 జూన్‌లో పెట్రోలు ధరమీద ప్రభుత్వం అదుపు తీసేసింది. డీజిలుకి మాత్రం 2014 అక్టోబరుదాకా ఆ అదుపు ఉంది. రెండింటికీ మధ్య తేడా అలా పెరిగిపోయిన రోజులవి.

అప్పుడు మా వీధి చివర మెకానిక్ పెదనాన్న ఒక ఉపాయం చెప్పాడు. పాత నీటిపంపు డీజిలింజను ఒకటి చవకగా దొరుకుతోంది, ఎక్కించేద్దామన్నాడు. ఇది ఆయన కనిపెట్టిన విద్యేమీ కాదు. దేశమంతటా మెకానిక్కులు చేసిన పనే. ఎన్‌ఫీల్డు వాళ్ళే ఒకప్పుడు 325 సీసీ డీజిలింజనుతో ‘టారస్’ అనే బండి తయారుచేసి అమ్మారు. తరవాత ఆపేశారు. పాత బుల్లెట్టులో ఇంజను వేరు, గేరుబాక్సు వేరు. రెండింటినీ కలిపేది ఒక చెయిను. అందుకే ఇంజనొక్కటే దించి ఇంకోటి పెట్టడం కుదురుతుంది.

కుదురుతుందంటే తేలికని కాదు. పెదనాన్న ఇనపరేకులు కోసి కొత్త బిగింపులు చేశాడు. ఇంజను చక్రమూ క్లచ్చి చక్రమూ ఒకే గీతమీదికి తేవడానికే రెండురోజులు పట్టింది. అవి ఏమాత్రం ఓరగా ఉన్నా చెయిను నిలవదు. ఆఖరికి గేరుబాక్సు దగ్గరి చెయిను చక్రం చేతిలో పట్టుకుని నాన్నని అడిగాడు:

“తమ్ముడూ, ఎక్కువ పళ్ళది వేస్తే ఏలేశ్వరం రోడ్డుమీద పరిగెడతాది గానీ కొండెక్కదు. తక్కువ పళ్ళది వేస్తే కొండెక్కుతాది గానీ పరిగెట్టదు. ఏది వెయ్యమంటావ్?”

“కొండెక్కేదే వెయ్యన్నా. మనకి పరుగులెందుకు?” అన్నాడు నాన్న.

ఆ మాట అర్థం నాకు ఇక్కడికొచ్చి చదువుకున్నాకే తెలిసింది. పెట్రోలు బుల్లెట్టుది 18 అశ్వశక్తి. కంపెనీ చేసిన డీజిలు బండిదే ఆరున్నర. ఏ చక్రం వేసినా ఉన్న శక్తి పెరగదు. దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలన్నదే మన చేతిలో ఉంటుంది. నాన్న సంపాదనా అంతే. అందులోనే ఇల్లు గడిచింది, నా ఫీజులు కట్టాడు.

ఆ బండి డబడబలకి బోల్టులు వదులయ్యేవి, దీపం బల్బులు మాడిపోయేవి. బళ్ళో పిల్లలు “బోరింజను వచ్చిందిరోయ్” అని కేకలేసేవారు. నేను సిగ్గుపడి, సందు మలుపులోనే దింపెయ్యమనేవాణ్ణి. నాన్న ఏమీ అనకుండా దింపేసేవాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఇంటికెళ్ళి పెద్దమనిషిలా పాఠం మొదలెట్టాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు, అన్నీ వల్లించాను. “ఆర్.సి.లో పెట్రోలని ఉంది, నంబరు పాత ఇంజనుది. రేపు ఎవరికైనా దెబ్బ తగిలితే ఇన్సూరెన్సు వాళ్ళు మొహం తిప్పేస్తారు నాన్నా. ఇది తప్పు” అన్నాను.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, “తప్పేరా. కానీ ఆ తప్పే నిన్ను చదివించింది” అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. చట్టం చెప్పిందీ నిజమే, నాన్న అన్నదీ నిజమే. దారినపోయే మనిషికి దెబ్బ తగిలితే మాత్రం మన పేదరికం అతనికి వైద్యం చేయించదు కదా!

మర్నాడు పొద్దున్నే నాన్న మంచం కిందనుంచి ఒక గోనెసంచి లాగాడు. లోపల పాత పెట్రోలింజను! పాత సామాన్లవాళ్ళు ఎన్నిసార్లు అడిగినా అమ్మలేదట. తుప్పు తుడిస్తే నంబరు కనిపించింది. ఆర్.సి. పక్కన పెట్టుకుని ఒక్కొక్క అంకే పైకి చదివాడు. సరిపోయింది.

డీజిలింజను దించేశాం. అదిప్పుడు మామయ్య చేలో నీళ్ళు తోడుతోంది. పాతదానికి రీబోరు చేయించాలి, కాగితాలూ సరిచూపించుకోవాలి. అందాకా నాన్న సరుకు ఆటోలో వేసుకుని సంతలకి వెళుతున్నాడు. కిరాయికే లాభంలో సగం పోతోందని అమ్మ ఫోనులో చెప్పింది. రీబోరు ఖర్చుకని ఈ నెలనుంచి ఇద్దరు పిల్లలకి ట్యూషను మొదలుపెట్టాను. వేసవికి బండి ఎక్కాలి. ఈసారి బడి గుమ్మందాకా.