నాన్న తుపాకీ, సందుల్లో తుప్పు

మన విస్సన్నపేట వైపు మొక్కజొన్న వేసినోళ్లకి పందుల సంగతి చెప్పక్కర్లేదు. అందుకే నాన్న నాటి జోడుగొట్టాల లైసెన్సు తుపాకీ ఇంకా ఉంచుకున్నా. 2024 ఎన్నికల కోడ్ రాగానే స్టేషన్లో అప్పజెప్పా, తొలకరి పడ్డాక తెచ్చుకున్నా. చూస్తే తుప్పు. నూనె రాయకుండా గుడ్డసంచిలో చుట్టి ఇచ్చింది నేనే, తప్పు నాదే.

పైన పట్టింది కిరసనాయిలు గుడ్డకే పోయింది. రెండు గొట్టాల మధ్య పట్టీ అంచున, మరల తలల గాళ్లలో వేలు దూరదు. ఎమరీ పేపర్ మడిచి దూర్చా. నల్లపూత లేచిపోయి ఇనుము తెల్లగా మెరిసింది! గుండె జారింది, ఆపేశా.

తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, గొట్టాలు విడదీసి, సందుల్లో కిరసనాయిలు చుక్కలేసి రాత్రంతా ఉంచా. పొద్దున్నే పాత పళ్లబ్రష్షు, మొన చెక్కిన వెదురుపుల్ల. మొండిచోట రాగితీగ ముక్క. రాగి మెత్తన, ఉక్కు మీద గీత పడదు. నిమ్మరసం, వెనిగర్ జోలికి పోకండన్నా, పూతని తినేస్తాయి. చివర్న కుట్టుమిషను నూనె. కొబ్బరినూనె అయితే జిగురు కట్టుద్ది.

టార్చి వేసి గొట్టం లోపల చూస్తే సన్నటి గుంటలు. తుప్పు వదిలింది గానీ గుంట పూడదుగా. ఒకసారి పేల్చి చూద్దాం నాన్నా అన్నాడు మావాడు. లైసెన్సున్న రిపేరు షాపతను చూసి సరే అనేదాకా తూటా పెట్టనన్నా. అప్పటిదాకా మంచె మీద డబ్బా కొట్టుకోవడమే.