ముసాయిదా

ప్రతి సంవత్సరమూ చలికాలం ప్రవేశించేసరికి, మన కళాశాలలో చదివి వెళ్ళి ఎం.ఏ. చేస్తున్న విద్యార్థులు ఇద్దరో ముగ్గురో నన్ను వెదుక్కుంటూ వస్తారు. "సార్, పరిశోధన ప్రతిపాదన వ్రాసి ఇవ్వమన్నారు. నమూనా ఏదైనా ఉంటే ఇప్పించండి" అని వారి కోరిక. నా వద్ద ఉన్న నమూనా ఒక్కటే. అది రెండు పర్యాయాలు త్రిప్పి పంపబడినది. దాని కథ ఒక్కొక్కరికీ చెప్పేకంటె ఈ సంచికలో వ్రాయడమే మేలని తోచింది.

2012లో నేను ఎం.ఏ. రెండవ సంవత్సరంలో ఉన్నాను. ఒక పరీక్షా పత్రానికి బదులుగా సిద్ధాంత వ్యాసం సమర్పించే వెసులుబాటు మాకుండేది. ఉత్సాహం కొద్దీ "తెలుగు భాషపై ఉర్దూ ప్రభావం" అని శీర్షిక పెట్టి పదునాలుగు పుటల ప్రతిపాదన వ్రాశాను. గోలకొండతో ప్రారంభించాను. ఇబ్రహీం కుతుబ్‌షా కాలం, తొలి అచ్చ తెలుగు కావ్యమైన యయాతి చరిత్రను పొన్నికంటి తెలగనార్యుడు అమీన్‌ఖానుకు అంకితమిచ్చిన ముచ్చట, ఆపైన నిజాం పాలన, న్యాయస్థానాల భాష, సినిమా పాటలు కూడా! నా పర్యవేక్షకులు చివరిదాకా ఓపికగా చదివి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "సమాచారం చాలా ఉందయ్యా. నీ ప్రశ్న ఏది? ముగ్గురు ఆచార్యులు ముప్పై ఏళ్ళు చేయవలసిన పని ఇది. నీకున్నది ఏడు నెలలు" అన్నారు.

ఆ కాగితాలు పట్టుకొని సెలవులకు ఇంటికి వెళ్ళాను. మా నాన్నగారు దస్తావేజు లేఖరి. రిజిస్ట్రారు కచేరి ఎదుట చింతచెట్టు క్రింద చిన్న బల్ల, ఒక రేకు పెట్టె ఆయన కార్యాలయం. ఇంట్లో మేము మాట్లాడుకొనేది ఉర్దూ. మమ్మల్ని పోషించినది ఆయన వ్రాసే తెలుగు. నా పదునాలుగు పుటలూ ఆయన దస్తావేజు చదివినట్లే చదివారు, అంటే వేలు పెట్టి, పంక్తి పంక్తికీ ఆగుతూ. చివరకు అడిగినది ఒక్కటే మాట: "చెక్కుబందీ ఏదిరా?"

భూమి అమ్మకం వ్రాసేటప్పుడు తూర్పున ఎవరి చేను, దక్షిణాన ఏ కాలువ అని నాలుగు హద్దులూ చెప్పే భాగమే చెక్కుబందీ. ఆస్తి ఏదో గుర్తించేందుకు చాలినంత వివరం లేని దస్తావేజును స్వీకరించరాదని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం శాసిస్తున్నది. "నువ్వు ఊరంతా అమ్మకానికి పెట్టావు. కొనేవాడికి ఎక్కడ నిలబడాలో తెలియదు" అన్నారాయన. మా పర్యవేక్షకులు అన్నదీ అదే. కాని అది నాన్నగారి నోట విన్నాకనే నాకు బోధపడింది.

హద్దులు వేయవలెనంటే ముందు చేను ఉండాలి గదా. ఆలోచించగా చిన్ననాటి అవమానం ఒకటి జ్ఞప్తికి వచ్చింది. నాకు ఏడెనిమిదేళ్ళ వయసులో పొరుగింటాయన మా నాన్నగారి చేత తనఖా కాగితం వ్రాయించుకున్నారు. మా ఇంటి మాటలో తన్‌ఖా అంటే జీతం. నేను వీధిలోకి పరుగెత్తి, వారబ్బాయితో "మీ నాన్నకు తన్‌ఖా వచ్చిందటగా, మిఠాయి పెట్టవా?" అన్నాను. వాడు లోపలికి వెళ్ళి అదే మాట చెప్పాడు. ఆ సాయంత్రం మా అమ్మ నన్ను కొట్టిన దెబ్బలు నాకు ఇంకా గుర్తున్నాయి. ఇల్లు తాకట్టు పెట్టుకున్నవారిని మిఠాయి అడిగానని నాకెవరు చెప్పారు?

ఒకే మాట మా వంటింట్లో జీతం, మా నాన్నగారి బల్లమీద తాకట్టు. వెదికితే ఇటువంటివి ఇంకా కనిపించాయి. పారశీలో ఖరీదు అంటే కొనడం. మనకు అది వెల. రాజీనామా అంటే ఉర్దూలో ఒడంబడిక పత్రం. ఉద్యోగం వదులుకునేవాడు అక్కడ ఇచ్చేది ఇస్తీఫా. 'హక్కుభుక్తాలు' అన్న మాటలో అరబ్బీ హక్కూ సంస్కృత భుక్తమూ ఒకే చూరు క్రింద కాపురం చేస్తున్నాయి. ఈ మాటలకు దస్తావేజులలో ఏ అర్థం స్థిరపడినది? అదే నా ప్రశ్న అయినది.

ఇక ఇరుగుపొరుగు. మనకు ముందు ఆ చుట్టుప్రక్కల ఎవరు దున్నారో చెప్పకపోతే ప్రతిపాదన నిలువదు. 1852లో బ్రౌను దొర జిల్లా నిఘంటువునూ, 1854లో మిశ్రభాషా నిఘంటువునూ ప్రకటించి కచేరి మాటలకు అర్థాలు వ్రాశాడు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం రైతు మాటలను రైతు నోటినుండే సేకరించే మార్గం చూపినది. ఒకరు కచేరి వైపు హద్దు, ఇంకొకరు పొలం వైపు హద్దు. నడుమ దస్తావేజు లేఖరి బల్ల ఖాళీగా కనిపించింది.

రెండవ ప్రతి నాలుగు పుటలకు దిగింది. శీర్షికలో మాత్రం 'ఉర్దూ ప్రభావం' అన్న మమకారం వదలలేదు. పరిశీలక సంఘంలో ఒక పెద్దమనిషి, "ఇది ఉర్దూ శాఖలో చేసుకోవలసిన పని. మీకు తెలుగు శాఖ ఎందుకు?" అన్నారు. ఆ 'మీకు' నన్ను ఒక్కడినే ఉద్దేశించినది కాదని నాకు తెలుసు. రాజీనామాకు ఉర్దూలో లేని అర్థం తెలుగులో ఉంది గనుక ఇది తెలుగు పనేనని చెప్పగలిగాను; గొంతు వణికింది. అయితే ఆ ప్రశ్నకంటె నన్ను నిజంగా ఓడించినది మరొక ప్రశ్న. అంతవరకు మౌనంగా ఉన్న ఒక ఆచార్యులు, "మరాఠీలోనూ కన్నడంలోనూ రాజీనామా అంటే ఉద్యోగం వదలడమే. ఆ అర్థం తెలుగులోనే పుట్టిందనీ, మాట నేరుగా ఉర్దూనుండే వచ్చిందనీ ఎట్లా నిరూపిస్తావు?" అని అడిగారు. నా వద్ద సమాధానం లేదు. మొదటివారి మీద కోపంతో రెండవవారి ప్రశ్నను కూడా ద్వేషించబోయాను. రెండూ ఒకటి కావని గ్రహించడానికి వారం పట్టింది. మాటలు వచ్చిన దారిని హద్దుల వెలుపల వదిలివేసి, మా తాలూకా దస్తావేజులలో వాటి అర్థమేమిటన్నదే ఉంచుకున్నాను. శీర్షికలో 'ఉర్దూ' పోయి 'దస్తావేజు' వచ్చింది. బాధ కలిగిన మాట నిజమే.

సామగ్రి కొరకు నాన్నగారు రేకు పెట్టె తెరిచి నలభై పాత ముసాయిదాలు ఇచ్చారు. పార్టీల పేర్లూ సర్వే నంబర్లూ ఎక్కడా ఎత్తి వ్రాయరాదని షరతు పెట్టారు. అది ప్రతిపాదనలో చేర్చాను. మరునాడు ఆయన లేనప్పుడు పెట్టె అడుగున నలభై ఒకటవది కనిపించింది. తనఖా కాగితం. మా ఇంటి చెక్కుబందీ. నేను ఎం.ఏ.లో చేరిన నెల తేదీ. సాయంత్రం దానిని ఆయన ముందుంచాను. చాలాసేపు ఊరకుండి, "అది కూడా లెక్కలో వేసుకో. పేర్లు మాత్రం తీసేయి" అన్నారు.

మూడవ ప్రతి రెండు పుటలు. ప్రశ్న, హద్దులు, పూర్వుల కృషి, నలభై ఒక్క కాగితాలు, ఏ నెలలో ఏ పని అన్న పట్టిక. అంతే. వ్రాస్తుండగా తెలిసింది, ముసాయిదా అన్న మాటకు మూలం అరబ్బీలో 'నల్లబరచినది' అని. సాపు చేసిన ప్రతిని వారు 'తెల్లబరచినది' అంటారు. నా పదునాలుగు పుటలు అచ్చంగా నల్లబరచినవే.

సమర్పించే ముందు సాపు ప్రతి నాన్నగారికి చూపాను. వేలు పెట్టి చివరిదాకా చదివారు. "తేదీ వేయలేదు" అన్నారు. వేశాను. ఆయన కలం తీసుకొని, ఆ తేదీ ప్రక్కనే తన గుండ్రని అక్షరాలతో ఫసలీ 1422 అని చేర్చారు. శాఖలో ఎవరూ దానిని కొట్టివేయలేదు.