వైరు గట్టిగానే ఉంది

నా కింది పళ్ళ వెనక పదేళ్ళకు పైగా ఒక వైరు ఉండేది. ఎదటివాళ్ళకు కనపడదు, నా నాలుక కొసకు మాత్రం తగులుతూ ఉండేది. క్లిప్పులు తీశాక పళ్ళు మళ్ళీ వంకరపోకుండా పట్టి ఉంచడానికి వేసిన వైరది. చివరికి ఆ వైరే నా కోరపన్ను వేరును ఎముకలోంచి బయటికి నెట్టింది. ఊడిపోయి కాదు, తెగిపోయి కాదు. గట్టిగా అంటుకుని ఉండే ఆ పని చేసింది.

నేను డిగ్రీ చదివేటప్పుడు మా నాన్న గుంటూరులో క్లిప్పులు వేయించారు. పైన ఎత్తుపళ్ళు, కింద ఒకదాని మీదొకటి ఎక్కిన పళ్ళు. సంబంధాలు చూసే రోజులొస్తున్నాయని ఇంట్లో తొందర. ఫోటోల్లో నోరు తెరిచి నవ్వాలని నా తొందర నాది. అంతా అయ్యాక పై పళ్ళకు రాత్రిళ్ళు పెట్టుకోమని ప్లేటు ఇచ్చారు. గులాబీ రంగు ప్లాస్టిక్, ముందు సన్నటి తీగ. చార్లెస్ హాలీ అనే అమెరికా డాక్టరు వందేళ్ళ కిందట చేసిన నమూనా అది, ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. కింద మాత్రం ఈ కోరపన్ను నుంచి ఆ కోరపన్ను దాకా ఆరు పళ్ళకూ వెనకవైపు వైరు అంటించారు. "ఇది ఉన్నన్నాళ్ళూ నీకు బెంగ లేదమ్మా" అన్నారు డాక్టరుగారు.

వైరు ఎందుకంటే, కదిపిన పన్ను కొత్తచోట వెంటనే కుదురుకోదు. వేరును ఎముకకు పట్టి ఉంచే నారలు సర్దుకోవడానికి మూడు నాలుగు నెలలు, చిగురులో సాగే నారలకు ఏడాది దాకా పడుతుంది. అప్పటిదాకా అవి పన్నును పాతచోటికి లాగుతూనే ఉంటాయి. ఆ తర్వాతైనా నిశ్చింత లేదు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్, ఆయన తోటివాళ్ళు క్లిప్పులు తీసేసినవాళ్ళను పదేళ్ళకూ ఇరవయ్యేళ్ళకూ మళ్ళీ పరీక్షిస్తే, ఎక్కువమందికి కింది ముందుపళ్ళు తిరిగి ఇరుకుపడ్డాయి. అసలు క్లిప్పుల జోలికే పోనివాళ్ళకూ వయసుతో పాటు ఆ పళ్ళు దగ్గరికి జరుగుతాయి. జ్ఞానదంతాలు తోసేస్తాయని అందరూ అంటారు గాని, దానికి గట్టి ఆధారం దొరకలేదు. అందుకని వైరు వేయడం తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.

దాన్ని బాగానే చూసుకున్నాను. కింది పళ్ళ వెనక లాలాజలం ఊరుతూ ఉంటుంది, గార పట్టేదీ అక్కడే. వైరు కింద సన్న బ్రష్షు దూర్చి తోముకోకుండా పడుకున్న రాత్రి లేదు. చెరుకుగడ ముట్టలేదు. జామకాయ ముక్కలు కోసుకుని తిన్నాను. మా అత్తగారు జంతికలు చేస్తే పక్కపళ్ళతో మెల్లగా నమిలేదాన్ని. ఆవిడే మొదట కనిపెట్టారు. ఒకరోజు నేను నవ్వుతుంటే ఆగి, "ఆ పన్నొక్కటీ పొడుగ్గా కనపడుతోందేమిటమ్మా?" అన్నారు.

అద్దంలో చూసుకుంటే నిజమే. ఎడమవైపు కింది కోరపన్ను దగ్గర చిగురు కిందికి దిగి, పసుప్పచ్చగా వేరు కనపడుతోంది. ఫ్రిజ్‌లో నీళ్ళు తాగితే అక్కణ్ణుంచి దవడ దాకా జివ్వుమనేది. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్న కొక్కెంతో వైరును అటూ ఇటూ లాగి చూసి, "వైరు గట్టిగానే ఉంది, నువ్వే గట్టిగా తోముతున్నావు" అన్నారు. మెత్తటి బ్రష్షు, జివ్వుమనకుండా ఉండే పేస్టు రాసిచ్చారు. ఇంకొకాయన వేరు మీద తెల్ల సిమెంటు పెట్టారు. కొన్నాళ్ళకది అన్నంలో ఊడి పంటికింద పడింది. ఆయన కూడా వైరు లాగి చూసి గట్టిగానే ఉందన్నారు. గట్టిగా తోముతున్నానన్న మాట ఎంతమంది నోట విన్నానో! తోమడమే కారణమైతే ఆ ఒక్క పన్ను మీదే నాకంత పగ ఎందుకు ఉంటుందో ఎవరూ ఆలోచించలేదు.

ఈలోగా ఇంకో సంగతి తెలుస్తూ వచ్చింది. ఆ పన్ను కొస నాలుక వైపు వాలుతోంది. చిగురు మీద వేలు పెట్టి కిందికి రాస్తే వేరు రూపమంతా చేతికి తగిలేది. కుడివైపు అలా లేదు. ఈ మాట చెబితే "నీ అనుమానం" అన్నారు మావారు. తర్వాత ఆయనే వేలు పెట్టి చూసి, మాట్లాడకుండా చెయ్యి కడుక్కున్నారు.

విజయవాడలో ఒక చిన్నవయసు డాక్టరమ్మ వైరు జోలికి ముందు పోనేలేదు. రెండు కోరపళ్ళనూ పైనుంచి అద్దంలో చూసి, బయటి చిగురు మీద వేలితో నిమిరి, త్రీడీ స్కాన్ తీయించుకు రమ్మంది. తెరమీద దవడ ఎముక అడ్డుకోత చూపించింది. పక్క పళ్ళకు వేరు ముందూ వెనకా తెల్లగా ఎముక ఉంది. నా పన్నుకు ముందు ఎముకే లేదు. వేరు దాన్ని దాటి బయటికి వచ్చేసి, పల్చటి చిగురు మాత్రం కప్పుకుని ఉంది.

అప్పుడు విన్నాను కారణం. ఆ వైరు ఒకే తీగ కాదు, సన్నటి స్టీలు తీగలు కొన్నింటిని నులకతాడులా మెలివేసి చేస్తారు. అంటించేటప్పుడు ఏ కాస్త బిగువు ఉండిపోయినా, తర్వాత నమలడంలో వంగినా, ఆ మెలి విప్పుకోవాలని చూస్తుంది. పళ్ళకు అంటుకుని ఉంది కాబట్టి విప్పుకునే బలమంతా వాటి మీద పడుతుంది. పన్ను కొస ఒకవైపుకీ వేరు ఇంకోవైపుకీ తిరుగుతాయి. ఊడిపోయిన వైరైతే పన్నును వదిలేస్తుంది, ఊడని వైరుతోనే ఈ పేచీ. అరుదే గాని కొత్తదేమీ కాదు. 2007లోనే నెదర్లాండ్స్ డాక్టర్లు ఇలాంటివి చూసి పత్రికలో రాశారట. నేను క్లిప్పులు తీయించుకున్నది ఆ తర్వాతే.

వైరు తీయడానికి పళ్ళ వెనక ఉన్న జిగురును అరగదీశారు. నోట్లో తెల్ల పొడి, కాలిన వాసన. తీసిన వైరును డాక్టరమ్మ గాజుపలక మీద పెట్టి, "చూడండక్కా" అంది. ఎడమ కొస పలకకు ఆనలేదు, పైకి లేచి ఉంది. వేలితో నొక్కితే ఆనింది, వదిలితే మళ్ళీ లేచింది. ఇన్నేళ్ళూ నా పన్ను మీద ఉన్న బరువు అదేనన్నమాట.

తర్వాత కింది పళ్ళకు మళ్ళీ క్లిప్పులు. బ్యాంకు కౌంటర్లో కూర్చునే ఉద్యోగం నాది. పింఛను కోసం వచ్చే పెద్దాయన ఒకరు "ఇప్పుడెందుకమ్మా ఇవి?" అని అడిగేవారు, వచ్చినప్పుడల్లా. కాలేజీ రోజుల్లో పళ్ళు జరిపినప్పుడు నొప్పి రెండు మూడు రోజులు ఉండి పోయేది. వేరును వెనక్కి తిప్పడం అలా కాదు. పలకల వైరు వేసి కొంచెం కొంచెంగా మెలిపెడతారు. తొందరపెడితే అసలు వేరు కరిగిపోవచ్చు. రాత్రి దిండు మీద ఆ చెంప ఆనించలేకపోయేదాన్ని. మా పాలసీలో పళ్ళ వైద్యానికి పైసా రాదు. చిట్టీ పాడి కట్టాం.

వేరు ఎముక వైపు వెనక్కి జరిగినా దిగిన చిగురు తనంతట తాను పైకి రాదు. అంగిట్లోంచి పొర కోసి అక్కడ అతకాలన్నారు. మత్తు ఇంజక్షన్‌కు పన్ను దగ్గర ఏమీ తెలియలేదు గాని, అంగిట్లో సూది దిగినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికొచ్చాక అతికిన చోటుకంటే కోసిన చోటే ఏడిపించింది. దాని మీద ప్లాస్టిక్ ప్లేటు పెట్టుకుని, చల్లారిన గంజీ, పెరుగన్నం మెదిపి మింగేదాన్ని. పుక్కిలించమని ఇచ్చిన మందుకు పళ్ళు గోధుమరంగు తిరిగాయి. సరిగ్గా కొత్తావకాయ కలిపే రోజులవి. మా అత్తగారు జాడీ మూత తీసినప్పుడల్లా నేను డాబా మీదికి వెళ్ళిపోయేదాన్ని. ఆవిడ కూడా నా కుట్లు విప్పేదాకా కొత్తావకాయ వడ్డించుకోలేదు. అడిగితే "నాకు వేడి చేసింది" అన్నారు.

గుంటూరు డాక్టరుగారి దగ్గరికి స్కాన్ పట్టుకుని వెళ్ళాను. దెబ్బలాడదామనే వెళ్ళాను. ఆయన తెర దగ్గర చాలాసేపు కూర్చుని, "నా చేతిలో ఇలాంటిది ఇదే మొదటిదమ్మా" అన్నారు. ఆయనకు తెలిసింది అంతే అని నేను అనుకోగలను గాని, వైరు వేశాక ఏటేటా వచ్చి పళ్ళ తీరు చూపించుకోమని ఒక్క ముక్క చెప్పడానికి ఏ పరిశోధనా అక్కర్లేదు. ఆ మాటే అన్నాను. ఫీజు తీసుకోవద్దని కాంపౌండరుతో చెప్పారు. ఇచ్చే వచ్చాను.

ఇప్పుడు పైనా కిందా తీసి పెట్టుకునే ప్లేట్లే. రాత్రి పెట్టుకుంటాను, పొద్దున చన్నీళ్ళతో కడుగుతాను. వేడినీళ్ళు తగిలితే వంకరపోతాయి. అతికిన చిగురు పక్క చిగురుకంటే కాస్త పాలిపోయి ఉంటుంది, ఒక మిల్లీమీటరు వేరు ఇంకా బయటే ఉంది. అదింక మూసుకోదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఐస్‌క్రీమ్ కుడివైపు తింటున్నాను.